పులిగడ్డ పులియు, చోళమండలపు తూనీగయు

కృష్ణానది విజయవాడ దాటిన పిమ్మట వేగము తగ్గి, సముద్రమునకు చేరువగుచు, పులిగడ్డ యను గ్రామము వద్ద రెండు పాయలుగా చీలును. ఆ పాయల నడుమ చిక్కిన భూమియే దివిసీమ. అవనిగడ్డకు పోవు బస్సులలో ప్రతిదినము ఎందరో ఈ ఊరి పేరు పలుకుదురు. కాని పులిగడ్డలో పులి లేదు. కృష్ణ ఒడ్డున పెద్దపులిని చూడవలెనన్నచో ఏటికి ఎదురుగా నల్లమల అడవుల వరకు పోవలెను. ఊరి పేరులోని పులి పెద్దపులియో, చిరుతపులియో, మడ అడవులలో తిరుగు బావురుపిల్లినే పూర్వులు పులి యనిరో, కాక ఆ మాటకు మరియొక అర్థమే కలదో, పేరునుబట్టి మాత్రమే తేల్చుటకు వీలు లేదు. ఊళ్ల పేర్లు చరిత్రకు మంచి సాక్షులే గాని, అడ్డుప్రశ్నలకు నిలువవు.

ఆ ప్రాంతమున తుంగయు జమ్మును పెరిగిన కాలువగట్టున కొంతసేపు నిలిచి చూచినచో మరియొక జంతువు కానవచ్చును. చీపురుపుల్లవలె సన్నని దేహము, పండిన నిమ్మపండు రంగు తోక, వీపుమీద మూసికొన్న నాలుగు రెక్కలు. గాలికి ఊగు గడ్డిపోచపై వ్రాలి, దోమను పట్టి, మరల అదే పోచకు వచ్చి కూర్చుండును. దీనికి తెలుగున ప్రత్యేకమైన పేరు లేదు. పిల్లలును పెద్దలును తూనీగ యనియే అందురు. శాస్త్రజ్ఞులు మాత్రము దీనికి సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్ అని పేరిడిరి. కోరమాండల్ అనగా చోళమండలము. కృష్ణా ముఖద్వారము మొదలు దక్షిణమునకు సాగు తూర్పుతీరమునకు ఐరోపా నావికులు వాడిన పేరు అది. దివిసీమ ఆ తీరమునకు ఉత్తరపు కొన. అనగా ఊరి పేరులోనున్న జంతువు ఊరిలో లేదు. ఊరిలోనున్న జంతువునకు తీరము పేరు కలదు గాని, ఊరివారికి అది తెలియదు.

పులికిని తూనీగకును గల భేదములు వ్రాయుమని పాఠశాలలో అడిగినచో విద్యార్థులు త్వరగానే వ్రాయుదురు. పులికి వెన్నెముక కలదు, తూనీగకు లేదు. పులికి నాలుగు కాళ్లు, తూనీగకు ఆరు. పులి పిల్లలకు పాలిచ్చును, తూనీగ గుడ్లు పెట్టును. ఇవి యేవియు తప్పులు కావు. లొసుగు ప్రశ్నయందే కలదు. పెద్దపులి యనునది ఒకే జాతి. తూనీగ యనునది ఒక జాతి కాదు. ఆరువేలకు పైగా జాతులుగల ఒక క్రమమునకు వాడుకలోనున్న మాట. మార్జాల కుటుంబము మొత్తములో, ఇంటిపిల్లి మొదలు సింహము వరకు, ఇంచుమించు నలువది జాతులకు మించి లేవు. కనుక పులిని తూనీగతో పోల్చుట ఒక మనిషిని ఒక తాలూకాతో పోల్చుట వంటిది. పోలిక సరిగా ఉండవలెనన్న జాతిని జాతితోనే పోల్చవలెను: పెద్దపులి ఒకవైపు, చోళమండలపు పసుపు తూనీగ మరియొకవైపు.

ఇంకొక మాట. తూనీగలలో రెండు తెగలు కలవు. వ్రాలినప్పుడు రెక్కలు చాచియుంచు బలిష్ఠమైన తూనీగలొక తెగ. రెక్కలు మూసికొని, రెండు కన్నులు ఎడముగా, తలకు ఇరువైపుల గుండ్లవలెనుండు సన్నని తూనీగలు రెండవ తెగ. తెలుగున రెంటికిని ఒకటే పేరు గనుక ఈ రెండవ తెగను ఇక్కడ సన్నతూనీగ యని వ్యవహరించుట సౌకర్యము. బెల్జియమునకు చెందిన సెలిస్ లాంగ్‌షాంప్ 1854లో ఈ రెండు తెగలకు శాస్త్రీయముగా వేర్వేరు పేర్లిచ్చెను.

తెలుగువారు పులులకు పేర్లు పెట్టుటలో పొదుపు చూపలేదు. పెద్దపులి, చిరుతపులి, బావురుపిల్లి, అడవిపిల్లి, ఇవన్నియు వేర్వేరు. చేపల విషయము చెప్పనే అక్కరలేదు. మచిలీపట్టణపు రేవున చేపల బుట్టల వద్ద ఒక ఉదయము గడిపినవారికి ఒక్కొక్క చేపకు ఎంత ఖచ్చితమైన పేరు కలదో తెలియును. మనిషి తినుదానికిని, తనను తినగలదానికిని ముందుగా పేరు పెట్టును. సన్నతూనీగ ఈ రెంటిలోను చేరదు. అది పంటను పాడుచేయదు, కుట్టదు, కూరకు రాదు. అందువలన వేలకొలది సంవత్సరములు వరిచేల నడుమ తిరిగియు, దానికి సొంతపేరు దక్కలేదు.

శాస్త్రమున మాత్రము పులికిని తూనీగకును ఒకే పుస్తకములో చోటు దొరకినది. స్వీడను దేశస్థుడగు లిన్నేయస్ 1758లో ప్రకటించిన సిస్టెమా నేచురే పదియవ కూర్పులో ప్రతి జంతువునకును రెండు మాటల పేరు నియమముగా ఇయ్యబడినది. నేటికిని జంతువుల పేర్లకు ఆ సంవత్సరమే మొదలు. అంతకు ముందు వాడిన పేర్లు లెక్కకు రావు. అందు పెద్దపులి ఫెలిస్ టైగ్రిస్ అయినది. సింహము, చిరుత, ఇంటిపిల్లి కూడ ఫెలిస్ ప్రజాతిలోనే చేరినవి. తూనీగలన్నియు, సన్నవియు లావువియు, లిబెల్లులా యను ఒకే ప్రజాతిలో కుదింపబడినవి. ఐరోపాలోని రెండు సన్నతూనీగలకు లిన్నేయస్ పెట్టిన జాతిపేర్లు వర్గో, పుయెల్లా. ఈ లాటిను మాటలకు కన్య, బాలిక అని అర్థములు. ఆ పురుగుల సుకుమారమును చూచి ఆయన అట్లు పిలిచియుండును. వాటి వేటను చూచిన దోమ ఆ పేర్లను ఒప్పుకొనదు.

లిన్నేయస్ వద్ద చదివినవారిలో ఇద్దరికి ఈ కథతో సంబంధము కలదు. ఒకడు యోహాన్ గెర్హార్డ్ కొనిగ్. రెండవవాడు యోహాన్ క్రిస్టియన్ ఫబ్రీషియస్.

అప్పటికి చోళమండల తీరము ఐరోపా వర్తకులకు కొత్త కాదు. గోల్కొండ సుల్తానుల ప్రధానమైన రేవు మచిలీపట్టణము. పదునేడవ శతాబ్దారంభమున డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును అక్కడ వర్తకశాలలు నెలకొల్పిరి. అద్దకపు బట్టలు ఓడలకెక్కి ఐరోపాకు పోయెడివి. డేనులు దక్షిణమున కావేరీ ముఖద్వారమునకు సమీపమునగల తరంగంబాడిని 1620లో సంపాదించిరి. బట్టల మూటలు పోయిన ఓడదారినే, నూటయేబది సంవత్సరముల పిమ్మట, ఎండబెట్టిన మొక్కలును సూదులకు గ్రుచ్చిన పురుగులును పోనారంభించినవి.

కొనిగ్ వైద్యుడుగా తరంగంబాడికి వచ్చి, తరువాత ఆర్కాటు నవాబు కొలువునను, అటుపిమ్మట ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీలో ప్రకృతిశాస్త్రజ్ఞుడుగాను పనిచేసెను. ఆయన దృష్టి ముఖ్యముగా మొక్కలపై నుండెను. కాని కనబడిన పురుగులను విడువక పట్టి ఫబ్రీషియస్‌నకు పంపెడివాడు. 1785లో కాకినాడలోని జగన్నాథపురమున కొనిగ్ మరణించెను. ఆ కడపటి దినములలో ఆయనకు వైద్యము చేసినవాడు సామర్లకోట తోటలో మొక్కలను పెంచి పరిశోధించిన విలియం రాక్స్‌బర్గు. కొనిగ్ స్థానమునకు వచ్చినవాడు విశాఖపట్టణమున ఉండిన ప్యాట్రిక్ రస్సెల్. ఆంధ్రతీరమున ప్రకృతిశాస్త్రమునకు పునాది వేసినవారిలో ముగ్గురు ఇట్లు ఒకరి చేతినుండి ఒకరు పని అందుకొనిరి.

రస్సెల్ గూర్చి ఇక్కడ కొంత చెప్పవలెను. ఆయన పాములను గూర్చి 1796లోను, విశాఖపట్టణపు చేపలను గూర్చి 1803లోను గొప్ప గ్రంథములు ప్రకటించెను. ఆ గ్రంథములలో పాములకును చేపలకును స్థానికులు వాడు తెలుగు పేర్లనే, విన్నది విన్నట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. కట్లపాము ప్రజాతికి నేడు ప్రపంచమంతటను వాడుకలోనున్న బంగారస్ అను పేరు తెలుగు బంగారమే. పట్టువాడు జాలరి, వ్రాయువాడు వైద్యుడు. పేరు జాలరి నోటినుండి వచ్చినది. తూనీగ విషయమున ఇట్టి అదృష్టము కలుగలేదు. దానికి స్థానికమైన పేరు ఉన్నచో కదా వ్రాసికొనుట!

ఫబ్రీషియస్ భారతదేశమునకు ఎన్నడును రాలేదు. ఉప్సలాలో లిన్నేయస్ వద్ద రెండు సంవత్సరములు చదివి, తరువాత కీల్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, జీవితమంతయు పురుగులకు పేర్లు పెట్టుటయందే గడపెను. పురుగులను రెక్కలనుబట్టి గాక నోటినిబట్టి విభజింపవలెనని ఆయన సిద్ధాంతము. దవడలకు పదునైన పండ్లుండుట చూచి, 1793లో తూనీగల క్రమమునకు ఒడొనేటా అని పేరిడెను; గ్రీకున ఒడొన్ అనగా దంతము. పులిని తలచినవెంటనే కోరలు జ్ఞప్తికి వచ్చును గాని, శాస్త్రమున పండ్లనుబట్టి పేరు పొందినది పులి కాదు, తూనీగ.

తరంగంబాడినుండి పురుగులు పంపిన మరియొకడు డేనిష్ ఉద్యోగియగు డాల్డార్ఫ్. ఫబ్రీషియస్ 1798లో తన పెద్ద గ్రంథమునకు అనుబంధము ప్రకటించినపుడు, అందు ఈ తీరపు పురుగులు విశేషముగా చేరినవి. అక్కడనే అగ్రియాన్ కోరమాండెలియానమ్ అని మన పసుపు తూనీగ తొలిసారి అచ్చెక్కెను. వర్ణన కొలది మాటలే. ఆ కాలమున అంతకంటె ఎక్కువ వ్రాయు అలవాటు లేదు. కాని ఆ కొలది మాటలతోనే ఒక జాతికి శాశ్వతముగా జన్మపత్రిక ఏర్పడినది.

తీరము పేరు పెట్టినంతమాత్రమున ఆ జీవి ఆ తీరమునకే పరిమితమని తలపరాదు. పసుపు తూనీగ భారతదేశమున చాల భాగమునను, సింహళమునను, ఇరుగు పొరుగు దేశములందును కలదు. ఇందుకు తలక్రిందులైన ఉదాహరణము మచిలీపట్టణపు ఉప్పుటేరుల అంచుననే కలదు. ఉప్పు కలిసిన నీటిని గూడ ఓర్చుకొను, తోకకొనపై నీలపుచుక్కగల సన్నతూనీగ ఒకటి కలదు. 1842లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రాంబర్ దానికి పెట్టిన జాతిపేరు సెనెగలెన్సిస్. ఆయనకు నమూనా పశ్చిమాఫ్రికాలోని సెనెగలునుండి వచ్చినది గనుక, బందరు మురుగుకాలువపై ఎగురు తూనీగయు నేటికి సెనెగలు దేశస్థురాలే. శాస్త్రీయనామము చిరునామా కాదు. మొదట ఎక్కడ పట్టుబడినదో చెప్పు పోలీసు డైరీ వంటిది.

పులికిని తూనీగకును పెట్టిన మొదటి పేర్లలో సగము తరువాత మారినది. జ్ఞానము పెరిగినకొలది ఫెలిస్ ప్రజాతి ఇరుకైపోయెను. పెద్దపులి నేడు పాంథెరా టైగ్రిస్. అగ్రియాన్ ప్రజాతి కూడ చీలి, సెలిస్ 1876లో ఏర్పరచిన సెరియాగ్రియాన్‌లోనికి పసుపు తూనీగ చేరెను. ఇంటిపేరు మారినను సొంతపేరు మారలేదు. పెండ్లియైన ఆడపడుచువలె టైగ్రిస్, కోరమాండెలియానమ్ అను మాటలు మాత్రము క్రొత్త ఇంటికి వెంటవచ్చినవి. ఇట్లు ప్రజాతి మారినపుడు మొదట పేరు పెట్టినవాని పేరును కుండలీకరణములలో వ్రాయుదురు. పుస్తకములలో లిన్నేయస్, ఫబ్రీషియస్ అను పేర్లచుట్టు కనబడు ఆ గీతలకు అర్థమిదియే.

పాంథెరా ప్రజాతిని ఏర్పరచుటలో గొంతునకు ముఖ్యస్థానము కలదు. నాలుక మొదట హయాయిడ్ అను సన్నని యెముకల కూర్పు ఉండును. ఇంటిపిల్లిలో అది పూర్తిగా యెముకయే. పులి, సింహము, చిరుత, జాగ్వారులలో ఒకచోట యెముకకు బదులు సాగు బంధనము ఉండును. ఇంగ్లాండునందలి పోకాక్ 1916లో ఈ భేదమును ఆధారముగా గొని పెద్దపిల్లులను చిన్నపిల్లులనుండి వేరుచేసెను. ఇపుడు జన్యుపరిశోధనవలన మంచుచిరుత కూడ ఈ ప్రజాతిలో చేరి, మొత్తము ఐదు జాతులైనవి. అనగా పెద్దపిల్లి యను మాట కేవలము దేహపరిమాణమునుబట్టి వచ్చినది కాదు.

ఈ లెక్కన దివిసీమ మడ అడవులలోని బావురుపిల్లి పెద్దపిల్లి కాదు. చుక్కల చర్మము, బలిసిన మెడ, చిత్తడినేలపై అడుగుజాడలు చూచి చిరుతపులి కూన యని భ్రమించుట సులభము. పెద్దది పదునాలుగు, పదునైదు కిలోల వరకు తూగును. 1833లో బెన్నెట్ అను ఇంగ్లీషువాడు దీనిని వర్ణించెను. పునుగుపిల్లి పోలికను మనసున ఉంచుకొని జాతికి వివెరైనస్ అని పేరిడెను. నెల్లూరున వైద్యుడుగా పనిచేసి, భారతదేశపు క్షీరదములను గూర్చి 1867లో గ్రంథము వ్రాసిన జెర్డన్ దీనిని పులిపిల్లియని అర్థమిచ్చు మాటతో పేర్కొనెను. ముందుపాదముల వ్రేళ్ల నడుమ కొంత పొర ఉండును; గోళ్లు పూర్తిగా లోనికి ముడుచుకొనవు; తోక పొట్టిది. నీటియంచున కూర్చుండి పంజాతో చేపను చరచి పట్టును, అవసరమైనచో మునిగి పట్టును. పిల్లి పులికి విద్యలన్నియు నేర్పి చెట్టెక్కుట మాత్రము దాచుకొన్నదని కథ చెప్పుదురు. దివిసీమ పిల్లి చేపలు పట్టుటను గూడ దాచుకొన్నదనవచ్చును. పులి ఈదగలదు గాని, చేపలపై బ్రతుకు అలవాటు దానికి లేదు.

బ్రిటిషు ఇండియా జంతుజాలమను గ్రంథమాలలో సన్నతూనీగలకును పిల్లులకును కొలది సంవత్సరముల ఎడముతో చోటు కలిగెను. సైనికవైద్యుడగు ఫ్రేజర్ తూనీగల మొదటి సంపుటమును 1933లో ప్రకటించెను. పోకాక్ వ్రాసిన క్షీరదముల సంపుటము 1939లో వెలువడెను. ఆ రెంటిని ప్రక్కప్రక్కన తెరచి చూచినవారికి జాతి యను భావన ఎంత చిత్రమైనదో బోధపడును. పులిని గుర్తించుటకు చారలు చాలును, చదువు అక్కరలేదు. సన్నతూనీగను గుర్తించుటకు ఫ్రేజర్ మగదాని తోకకొననున్న పటకారువంటి అంగముల బొమ్మలను వేయుచు పోయెను. కారణము లేకపోలేదు.

మగ సన్నతూనీగ ఆ పటకారుతో ఆడదాని మెడవెనుక భాగమును పట్టుకొనును. ఒక జాతి పటకారు మరియొక జాతి మెడకు చక్కగా అమరదు. తాళమును తాళపుచెవియు వంటి ఈ అమరికయే ఒక జాతి మరియొక జాతితో కలియకుండ చేయు అడ్డుగోడలలో ఒకటి. 1942లో ఎర్న్‌స్ట్ మాయర్ జాతికిచ్చిన నిర్వచనము సుప్రసిద్ధమే: ప్రకృతిలో తమలో తాము సంతానము పొందుచు, ఇతరసమూహములతో సంతానము పొందనివి ఒక జాతి. సింహమును పులిని జంతుప్రదర్శనశాలలో కలిపి పెంచినచో లైగరు పుట్టుటయు కలదు. అయినను అవి రెండు జాతులే. ఏలననగా అది బోనులో జరిగినది గాని అడవిలో కాదు. పిల్లులలో అడ్డుగోడ ముఖ్యముగా నివాసమునను, నడవడియందును, వాసనయందును కలదు. తూనీగలో ఆ గోడను తోకకొనపై బొమ్మగీసి చూపవచ్చును. ఈ విషయమున తరగతిగదికి పులికంటె తూనీగయే మంచి పాఠ్యపుస్తకము.

ఆ పట్టు వెనుక ఇంకను విశేషము కలదు. 1979లో వాగే అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక సన్నతూనీగను పరిశీలించి, మగది తన బీజమునిచ్చుటకు ముందు, ఆడదానియందు అంతకుపూర్వము నిలువయున్న వేరొక మగదాని బీజమును తొలగించునని కనుగొనెను. అటుపిమ్మట ఆడది గుడ్లు పెట్టువరకు మగది దానిని విడువక పట్టియుండుట కూడ ఇందుకే యని అర్థమైనది. పసుపు తూనీగలు జంటగానే వచ్చి, నీటిపై తేలు ఆకును ఎన్నుకొని, ఆడది తోకకొననున్న కత్తివంటి అంగముతో మొక్కను చీల్చి గుడ్లు దూర్చును. పులికి ఈ తంటాలు లేవు. మగపులి తన హద్దులను మూత్రపువాసనతోను చెట్లపై గోళ్లగీతలతోను చాటి, పరమగవానిని దూరముగా నుంచును. కాపలా రెండుచోట్లను ఒకటే. ఒకటి చదరపు మైళ్లను కాచును, మరియొకటి మెడను పట్టుకొని కాచును.

గుడ్డునుండి వెడలిన తూనీగపిల్ల నీటిలో పెరుగును. తోకకొనను ఆకులవంటి మూడు మొప్పలుండును. క్రిందిపెదవి మడతపడి ముఖము క్రింద దాగియుండి, దోమపిల్ల చేరువకు వచ్చినంతనే రెప్పపాటులో ముందునకు సాగి పట్టును. పలుమారులు చర్మము విడిచి, కడపట గడ్డిపోచ ప్రాకి బయటకు వచ్చి రెక్కలు తొడుగును. నడుమ ప్యూపా దశ లేదు. రెక్కలు వచ్చిన పిమ్మట దాని ఆయువు వారముల లెక్క. ఆడపులి నూటకు పైగా దినములు గర్భము మోసి, రెండు మూడు కూనలను కని, రెండేండ్ల వరకు వేట నేర్పును. అంతలో కాలువగట్టున తూనీగల తరములు ఎన్నియో గడచిపోవును. ప్రాచీనతయందును ఇట్టి వ్యత్యాసమే. నేటి పిల్లులలో పాంథెరా శాఖ తక్కినవానినుండి విడిపోయి ఇంచుమించు ఒక కోటి సంవత్సరములు. తూనీగల దూరపు బంధువులు ముప్పదికోట్ల సంవత్సరముల క్రిందటి బొగ్గుయుగపు శిలలలోనే కానవచ్చుచున్నవి. అందు రెండడుగులకు పైగా రెక్కల వెడల్పుగలవి ఉండెను.

ఇక డెల్టా విషయము. విజయవాడ వద్ద ఆనకట్ట 1855లో పూర్తియైనది. అంతవరకు వానకును వరదకును ఎదురుచూచిన బందరు, గుడివాడ ప్రాంతములకు కాలువనీరు వచ్చెను. ఎకరముల కొలది నేలపై నెలలతరబడి అడుగులోతు నీరు నిలిచి, అందు పచ్చనిమొక్క మొలచియుండుట సన్నతూనీగకు ఎంతయో అనుకూలము. కాటన్ దొర తూనీగలకొరకు ఆనకట్ట తలపెట్టలేదు; కాని రైతుతోబాటు లాభపడినవానిలో అవియు ఉండకపోవు. ఆ మేలునకు అవి బదులు తీర్చుచునే యున్నవి. వరిదుబ్బుల మొదళ్ల నడుమ గుండుసూదికంటె కొంచెము పొడవైన అగ్రియాక్నెమిస్ పిగ్మియా అను అతిచిన్న సన్నతూనీగ తిరుగుచుండును. సుడిదోమను, పచ్చదోమను అది వేటాడును. సుడిదోమకై మితిమీరి మందు చల్లినపుడు మొదట పోవువానిలో ఇట్టి వేటగాండ్రు ఉందురు. పిమ్మట దోమ మరల రెట్టింపుగా లేచుట వరిపండించు దేశములన్నిటను చూచిన సంగతి.

దివిసీమ కొనను, సొర్లగొంది, ఎదురుమొండి ప్రాంతముల మడ అడవులు వేరొక లోకము. అక్కడ మడచెట్టు, తిల్లచెట్టు ఉప్పునీటిలో నిలిచి పెరుగును. 1977 నవంబరు 19 నాటి తుపాను ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని బలిగొన్నది. కృష్ణా వన్యప్రాణి సంరక్షణకేంద్రము 1989లో ఏర్పడెను. బావురుపిల్లి 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టమున మొదటి షెడ్యూలులో, పెద్దపులితో సమానమైన రక్షణను పొందినది. కాని మడ అడవులకు వెలుపల రొయ్యలచెరువులును చేపలచెరువులును పెరిగినవి. చెరువుగట్టున చేపను పట్టు పిల్లి చట్టమున రక్షితజంతువు; చెరువు యజమానికి దొంగ. చేపలచెరువు తూనీగకు ఉపయోగపడునా యన్న, నీరున్నంతమాత్రమున చాలదు. గుడ్లు దూర్చుటకు మొక్క కావలెను. గట్లు నున్నగా చెక్కి, నాచు తుంగ తీసివేసిన చెరువు దానికి ఎడారితో సమానము.

పులులను దేశమంతటను నాలుగేండ్లకొకసారి లెక్కించుచున్నారు. 2006లో 1,411 అని అంచనా, 2022లో 3,682. మన వ్రేలిముద్రలవలె ఏ రెండు పులుల చారలును ఒకటిగా ఉండవు గనుక, అడవిలో అమర్చిన కెమెరా తీసిన ఛాయాచిత్రమునుబట్టి పులిని గుర్తుపట్టుదురు. బావురుపిల్లి చుక్కలును అట్లే ఉపయోగపడును. గుడివాడ చుట్టుప్రక్కల కాలువలలోని సన్నతూనీగలను లెక్కించుటకు అట్టి ఏర్పాటు లేదు. పసుపు తూనీగ ఆపదలోనున్న జాతి కాదు. అంతర్జాతీయ పట్టికలలో దానిని గూర్చి ఆందోళన అక్కరలేదనియే వ్రాసియున్నది. అయినను ఒక జీవి సమృద్ధిగానున్నపుడు లెక్క వ్రాసిపెట్టుకొననిచో, తగ్గినపుడు తగ్గినదని చెప్పుటకు ఆధారముండదు. పులి విషయమున జరిగిన పొరపాటు అదియే. అడవులలో విరివిగానున్న కాలమున దానిని కాల్చినవారు కలరు గాని, నమ్మదగినట్లు లెక్కించినవారు లేరు.

లెక్కించు ఉపాయము మాత్రము రెంటికి ఒకటే. డెన్మార్కు మత్స్యశాస్త్రజ్ఞుడు పీటర్సన్ పందొమ్మిదవ శతాబ్దాంతమున చేపలకు గుర్తులు కట్టి విడిచిన పద్ధతి దీనికి మూలము. ఒక చెరువుగట్టున నూరు తూనీగలను సన్నని వలతో పట్టి, రెక్కపై సిరాచుక్క పెట్టి, విడిచిపెట్టితిమనుకొందము. రెండు దినముల పిమ్మట ఎనుబదింటిని పట్టగా అందు ఇరువదింటికి చుక్క ఉన్నచో, పట్టినవానిలో నాలుగవవంతు గుర్తుగలవి. కనుక మొత్తము తూనీగలు ఇంచుమించు నాలుగువందలు. పులుల అడవిలో సిరాచుక్కకు బదులు చారల చిత్రము ఉండును. గణితము హెచ్చుగా నుండును గాని, మూలసూత్రము మారదు. సిరాయు, దోమతెర గుడ్డతో కుట్టిన వలయు, తొమ్మిదవ తరగతి త్రైరాశికమును ఉన్నచో ఈ పని గుడివాడ పాఠశాల వెనుకనున్న బోదెకాలువ వద్దనే చేయవచ్చును. పొద్దెక్కి ఎండ కాచిన పిమ్మట పోవలెను. అంతకుముందు మంచుతడికి రెక్కలు బరువై అవి గడ్డిలోనే అణగియుండును. పసుపుతోకగలది కోరమాండెలియానమ్. తోకకొన నీలముగలది సెనెగలెన్సిస్. దుబ్బులలో దూరి కంటికి ఆనక తిరుగు చిన్నది పిగ్మియా. ఆడవాని రంగులు మారుచుండును గనుక మొదటిదినము మగవానిని మాత్రమే లెక్కించుట మేలు. పట్టినదానిని రెక్కలు నాలుగింటిని కలిపి వ్రేళ్ల నడుమ పట్టవలెను. తోకను పట్టరాదు, దారము అసలే కట్టరాదు.